అరియాంకుప్పం: ఏటి ఒడ్డున ఒక చిన్న పట్టణం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు అంచున, బంగాళాఖాతాన్ని ఆనుకొని కురుచికుప్పం అనే పేట ఉన్నది. తమిళదేశంలో కుప్పం అంటే సముద్రతీరపు జాలరి పల్లె. మన కోస్తాలో ‘పాలెం’ అనే మాటకు గల స్థానమే అక్కడ దానిది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా ఆ పేటలో నివసిస్తున్న ఈ వ్యాస రచయితకు ప్రతి ఉదయం తీరాన కనిపించేవి నల్లని బండరాళ్లు. పడవలు లాగి పెట్టుకొనడానికి, వలలు ఆరవేసుకొనడానికి ఒకప్పుడు ఇక్కడ విశాలమైన ఇసుక తిన్నె ఉండేదని పేటలోని వృద్ధులు చెబుతారు. ఆ ఇసుక ఏమైనదన్న ప్రశ్నకు సమాధానం పేటలో దొరకదు. తీరం వెంబడి దక్షిణంగా కొద్ది కిలోమీటర్లు వెళ్లి, ఒక చిన్న నది సముద్రంలో కలిసే చోటును చూడవలసి ఉంటుంది. ఆ నదికీ, దాని ఒడ్డున వెలసిన ఊరికీ పేరు ఒక్కటే: అరియాంకుప్పం.

పట్టణం నుండి కడలూరు మార్గాన బయలుదేరిన బస్సు ముదలియార్‌పేట, మురుంగపాక్కం దాటి ఒక వంతెన ఎక్కుతుంది. క్రింద నిదానంగా కదిలే నీరు అరియాంకుప్పం నది; ఆవలి ఒడ్డున ఊరు. వంతెన దాటడానికి ఎక్కువ సేపు పట్టదు. ప్రయాణికులలో చాలామంది తల ఎత్తి నదివైపు చూడరు కూడా. కొలువులకు, కళాశాలలకు, అంగళ్లకు నిత్యం పట్టణానికి పోయి వచ్చే వారికి ఇది ఒక శివారు మాత్రమే. ఇళ్ల వరుసలు పెరిగి పట్టణానికీ దీనికీ మధ్యనున్న ఖాళీ దాదాపు మాసిపోయింది. పరిపాలన దృష్ట్యా ఇది పుదుచ్చేరి ప్రాంతంలోని ఐదు కమ్యూన్ పంచాయతీలలో ఒకదానికి ముఖ్యస్థానం. కమ్యూన్ అన్నది 1880లో ఫ్రెంచివారు తమ భారతీయ స్థావరాలలో ప్రవేశపెట్టిన స్థానిక పాలనా విభాగం పేరు. పాలకులు వెళ్లిపోయినా మాట మిగిలింది. యానాం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది కొత్త మాట కాదు.

సెంజి కొండల ప్రాంతం నుండి తూర్పుగా ప్రవహించే శంకరాపరణి సముద్రాన్ని సమీపించేసరికి రెండు పాయలుగా చీలుతుంది. వాటిలో ఉత్తరపు పాయ అరియాంకుప్పం నది. దక్షిణపు పాయ సుణ్ణాంబారు. తమిళంలో సుణ్ణాంబు అంటే మన సున్నమే, ఆఱు అంటే మన ఏరే. గోదావరి, కృష్ణల వంటి మహానదులను చూచిన కంటికి ఇది నది అనిపించకపోవచ్చు. ఎగువ భాగాన వేసవిలో ఇసుకే ఎక్కువ. ముఖద్వారం దగ్గర మాత్రం సముద్రపు పోటు నీరు లోనికి వచ్చి ఏరు నిండుగా కనిపిస్తుంది. పూర్వకాలపు నావికునికి కావలసినది సరిగా ఇటువంటి చోటే. మన తూర్పు తీరం చాలా వరకు అలల తాకిడికి తెరచుకొని ఉంటుంది. ఓడ నిలుపుకొనే చాటు దొరకదు. చిన్న ఓడ ఒక నది మలుపులోనికి ప్రవేశించగలిగితే గాలివాన నుండి రక్షణ లభిస్తుంది, సరుకు దించుకొనడానికి గట్టు లభిస్తుంది. గోదావరి పాయ ఒడ్డున కోరంగి, కండలేరు ముఖద్వారాన కృష్ణపట్నం వర్ధిల్లినది ఈ కారణం చేతనే.

ఊరికి తూర్పున కాక్కాయన్‌తోపు అనే పల్లె దాటి కొబ్బరి, మామిడి తోటల నడుమగా సాగితే, నది వంపు తిరిగే చోట, కుడి ఒడ్డున ఒక మెట్ట కనిపిస్తుంది. దాని పేరు అరికమేడు. మేడు అంటే మెట్ట. అంతవరకు సందేహం లేదు. మొదటి భాగం గురించే పండితులు ఒక మాట మీద లేరు. ‘అరుగన్’, అనగా జినుని లేదా బుద్ధుని మెట్ట అని కొందరు చెబుతారు. ఏటి కోతకు అరిగిపోతున్న మెట్ట అని మరికొందరి వివరణ. ఒక భాష నుండి మరొక భాషకు మాటలు మోయడమే వృత్తిగా గల ఈ రచయితకు రెండవ అర్థం మీద మక్కువ ఎక్కువ. తెలుగులోనూ అరగడం అంటే అదే కదా! ఒడ్డున నిలిచి, కోతపడిన గట్టులో అడ్డుపొరలుగా తేలిన పెంకులు, ఇటుక ముక్కలు చూచినవారికి ఆ అర్థాన్ని వేరుగా వివరించ నక్కరలేదు.

ఈ మెట్ట క్రింద ఏదో ఉన్నదని మొదట వ్రాసిపెట్టిన వ్యక్తి ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు కావడం విచిత్రం. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటిపోవడాన్ని పరిశీలించడానికి ఫ్రాన్సు నుండి వచ్చిన లె జాంతీ 1769 జూన్‌లో పుదుచ్చేరిలో దూరదర్శిని సిద్ధం చేసుకొని కూర్చున్నాడు. 1761లో ఇదే సంఘటన జరిగినపుడు యుద్ధం వలన నడిసముద్రంలో చిక్కుకొని ఆయన దానిని కొలవలేకపోయాడు. ఎనిమిదేళ్లు ఈ ప్రాంతాలలోనే వేచి ఉన్న తరువాత, తీరా ఆనాటి ఉదయం మబ్బు పట్టింది. ఆకాశం ఆయనకు దక్కలేదు గాని నేల మీద చూచిన వింతలను మాత్రం గ్రంథస్థం చేశాడు. వీరాంపట్టణం సమీపాన పెద్ద ఇటుకల గోడలు, బావులు నది కోతలో బయటపడుతున్నాయని, సయాం దేశపు బుద్ధ విగ్రహాలను పోలిన రాతి విగ్రహం ఒకటి ఉన్నదని ఆయన వ్రాశాడు. ఆ వ్రాతను తరువాత ఎవ్వరూ పట్టించుకొనలేదు.

సుమారు నూట డెబ్బది సంవత్సరాల అనంతరం, 1937లో, పుదుచ్చేరి కళాశాలలో ఆచార్యుడైన జూవో దుబ్రెయిల్ దృష్టి ఇటు మళ్లింది. మళ్లించినవి పల్లె పిల్లలు వాన వెలిసిన తరువాత ఏరుకొనే పూసలు, రంగురాళ్లు. వాటిలో మనిషి తల చెక్కిన ఒక రత్నపు ముద్రను చూచి అది రోము చక్రవర్తి అగస్టస్ ప్రతిమ అని ఆయన భావించాడు. స్థానికంగా కొన్ని త్రవ్వకాలు జరిగాయి గాని అవి శాస్త్రీయమైనవి కావు. 1944లో భారత పురాతత్వ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక బీరువాలో పడిఉన్న మట్టి కూజా పెంకును చూచి అది మధ్యధరా ప్రాంతపు ద్రాక్షసారాయి కూజా భాగమని గుర్తించాడు. ఎక్కడిది అని అడుగగా అరికమేడు పేరు వినవచ్చింది. మరుసటి ఏడే, ప్రపంచ యుద్ధం ఇంకా ముగియక ముందే, ఆయన ఇక్కడ గుంతలు త్రవ్వించాడు. అట్టడుగు పొరలను చేరుకొనడానికి ఊరే నీటిని తోడించవలసి వచ్చింది. ఆయన నివేదికకు ఎ. ఘోష్, కృష్ణదేవ సహరచయితలు. తదుపరి 1947-50 మధ్య ఫ్రెంచి పండితుడు కజాల్, 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం ఇక్కడ త్రవ్వకాలు సాగించారు.

దొరికినవేమిటి? ఇటలీలోని అరెజ్జో పట్టణపు శైలిలో చేసిన, కుమ్మరుల ముద్రలు గల నిగనిగలాడే ఎర్రని పళ్లేల ముక్కలు. ద్రాక్షసారాయి, ఆలివ్ నూనె, ఊరవేసిన చేపల రసం తెచ్చిన కూజాల పెంకులు. గాజు పాత్రల ముక్కలు, దీపాలు. ఉత్తర భాగంలో 150 అడుగుల పొడవైన కట్టడపు పునాదులు. ఇది గిడ్డంగి కావచ్చునని వీలర్ ఊహ. దక్షిణ భాగంలో ఇటుక తొట్లు, కాలువలు. సన్నని నూలు బట్టలకు రంగులు అద్దిన చోటని ఆయన అభిప్రాయం. వీటికి తోడు తమిళ-బ్రాహ్మీ లిపిలో మనుషుల పేర్లు గీసిన కుండ పెంకులు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో వ్రాసిన ‘ఎర్ర సముద్రపు యాత్రాదర్శిని’లో ఈ తీరపు రేవులలో ఒకటిగా పేర్కొన్న ‘పొదుకే’ ఇదేనని పండితులలో అనేకుల నిర్ణయం. టాలెమీ గ్రంథంలోనూ ఈ పేరు కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం కొంచెం వివరంగా చెప్పుకొనవలసి ఉన్నది. పాఠ్యపుస్తకాలలో అరికమేడును ‘రోమనుల వర్తక స్థానం’ అని ఒక్క ముక్కలో చెప్పి ముగిస్తారు. వీలర్ ఆలోచన కూడా ఇంచుమించు ఆ ధోరణిదే: నామమాత్రపు పల్లెగా ఉన్న చోటు విదేశీ వర్తకుల రాకతో రేవుగా ఎదిగిందని ఆయన భావించాడు. బెగ్లీ బృందం త్రవ్వకాలు ఈ చిత్రాన్ని చాలా వరకు మార్చాయి. రోము కూజాలు దిగకముందే, క్రీస్తు పూర్వపు శతాబ్దాలలోనే, ఇక్కడ స్థిరమైన జనావాసం, తీరప్రాంతపు వర్తకం ఉన్నాయి. రోముతో వ్యాపారం సన్నగిల్లిన తరువాత కూడా ఊరు పూర్తిగా నశించలేదు. చోళుల కాలపు నాణేలు, చీనా పింగాణీ ముక్కలు అందుకు సాక్ష్యం.

అడుగు భాగాన చుట్టూ గళ్ల గీతలతో, పలుచగా, నున్నగా ఉండే ఒక రకం పళ్లెం ఉన్నది. పురాతత్వజ్ఞులు దీనిని రౌలెటెడ్ మృణ్మయ పాత్ర అంటారు. ఇదీ మధ్యధరా నుండి వచ్చినదేనని వీలర్ అనుకొన్నాడు. తరువాతి కాలంలో మట్టిని పరీక్షించి చూడగా అది భారతదేశంలో చేసినదని తేలింది. దిగువ గంగా మైదానపు మట్టి అని కొందరి వాదం. ఇటువంటి పళ్లేలు మన అమరావతిలో, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో, సింహళంలో, దూరాన ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో సైతం దొరికాయి. అనగా రోముకు పోయిన దారి ఒక్కటే కాదు. వంగ, కళింగ, ఆంధ్ర, తమిళ తీరాలను, సముద్రానికి ఆవలి ద్వీపాలను కలిపిన మన సొంత దారి మరొకటి ఉన్నది. అది మొదటిదానికంటె పొడవైనది కాకపోయినా, మన పుస్తకాలలో దానికి దక్కిన చోటు బహు తక్కువ.

అరికమేడు చేసిన మరొక ఉపకారం ఉన్నది. ఇటలీ పళ్లేల కాలం తెలుసు కనుక, వాటి ప్రక్కన ఒకే పొరలో దొరికిన దేశీయ పాత్రల కాలాన్నీ నిర్ణయించగలిగారు. ఆ కొలబద్దతోనే వీలర్ 1947లో కర్ణాటకంలోని బ్రహ్మగిరి, చంద్రవల్లి పొరలకు కాలం కట్టాడు. దక్షిణాపథంలో శాతవాహన యుగపు స్థలాల తేదీలకు ఒక ఆధారం ఇలా ఈ ఏటిగట్టు నుండి లభించింది.

మెట్ట మీద నేడు కంటికి కనిపించే గోడలు మాత్రం రోమనుల కాలానివి కావు. ప్రథమంగా వచ్చేవారు చాలామంది అక్కడే పొరపడతారు. చెట్ల నడుమ నిలిచి ఉన్న ఆ ఇటుక శిథిలాలు పద్దెనిమిదవ శతాబ్దపు క్రైస్తవ విద్యాలయానివి. ఇండో-చీనాలో కలతల వలన అక్కడి విద్యాలయాన్ని 1770లో ఇక్కడకు తరలించారు. దాని అధిపతి పిన్యో ద బెహైన్ వియత్నామీ విద్యార్థుల సహాయంతో వియత్నామీ-లాటిన్ నిఘంటువును సిద్ధం చేసినది ఈ పరిసరాలలోనే. నిఘంటువుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక్క మాట. అదే కాలంలో, పుదుచ్చేరి కేంద్రంగా తెలుగు సీమలో పనిచేసిన పాదరీ కోర్దూ తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువును కూర్చాడు. సంస్కృతానికీ, గ్రీకు, లాటిన్ భాషలకూ గల చుట్టరికాన్ని 1767 ప్రాంతంలోనే పారిసు పండితులకు వ్రాసి పంపినవాడు ఈయనే. విలియం జోన్సు పేరు అందరికీ తెలుసు. కోర్దూ పేరు తెలుగువారికైనా తెలిసి ఉండవలసినది.

యుద్ధాల చరిత్రలోనూ అరియాంకుప్పానికి ఒక పుట ఉన్నది. నదిని దాటితేనే గాని దక్షిణం నుండి పుదుచ్చేరిని చేరుకొనడం సాధ్యం కాదు గనుక ఫ్రెంచివారు ఇక్కడ కోట కట్టారు. 1748లో ఆంగ్లేయ నౌకాదళపతి బాస్కవెన్ పుదుచ్చేరి ముట్టడికి వచ్చి మొదట ఈ కోట మీద పడ్డాడు. ఆంగ్ల సేనాని లారెన్సు ఇక్కడనే ఫ్రెంచివారికి బందీగా చిక్కాడు. మందుగుండు పేలి నష్టం కలుగగా ఫ్రెంచివారు కోటను విడిచిపెట్టారు. అయినప్పటికీ పట్టణం లొంగలేదు. వానకాలం రావడంతో అక్టోబరులో బాస్కవెన్ ముట్టడి ఎత్తివేశాడు. గవర్నరు డూప్లే వద్ద దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్లె ఈ రోజుల ముచ్చట్లను తన తమిళ దినచర్యలో వ్రాసుకొన్నాడు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే తెలుగు లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చినది ఈ పిళ్లెకే. తమిళ దినచర్య, ఫ్రెంచి కొలువు, తెలుగు ఛందస్సు ఒకే ఇంటి గడప లోపల ఇమిడిన కాలమది.

1954 అక్టోబరు 18న కీళూరులో ప్రతినిధి సభ సభ్యులు, కమ్యూన్ల సభ్యులు కలిసి 178 మంది సమావేశమైనపుడు 170 మంది భారతదేశంలో విలీనానికి అనుకూలంగా ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1962 ఆగస్టు 16న ఒప్పందం ప్రకారం చట్టబద్ధమైంది. అరియాంకుప్పం సమీపాన గల వీరాంపట్టణంలో ఆనాటి గుర్తు ఒకటి ఉత్సవ రూపంలో నిలిచి ఉన్నది. ఇది పెద్ద జాలరి గ్రామం. ఇక్కడి సెంగళునీర్ అమ్మన్ కోవెల రథోత్సవం ఆడి మాసపు శుక్రవారం నాడు జరుగుతుంది. ఫ్రెంచి గవర్నరు రథపు పగ్గం పట్టే ఆచారం ఉండేది. స్వాతంత్ర్యానంతరం ఆ పగ్గం లెఫ్టినెంట్ గవర్నరు చేతికి వచ్చింది.

సముద్రంతో ఈ తీరవాసుల సంబంధం పండుగలతో ముగిసేది కాదు. 1998 ప్రాంతంలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ వీరాంపట్టణం మొదలైన పల్లెలలో సమాచార కేంద్రాలు నెలకొల్పింది. అలల ఎత్తు ఎంత ఉండబోవునో కంప్యూటరు ద్వారా తెలుసుకొని లౌడుస్పీకరులో చాటేవారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు దక్షిణాన ఉన్న నల్లవాడు గ్రామానికి సింగపూరులో ఉన్న ఊరి మనిషి ఫోను చేసి హెచ్చరించాడు. ఆ కేంద్రపు లౌడుస్పీకరే ఊరందరినీ తీరం నుండి దూరంగా పరుగెత్తించింది. ఆ గ్రామంలో ప్రాణనష్టం తప్పింది.

ఇక కురుచికుప్పం ఇసుక సంగతి. 1980 దశకపు చివరి భాగంలో అరియాంకుప్పం నది ముఖద్వారాన పుదుచ్చేరికి కొత్త ఓడరేవు నిర్మించి, ఇసుక మేట వేయకుండా సముద్రంలోనికి రాతి అడ్డుకట్టలు సాగించారు. మన తూర్పు తీరాన ఇసుక నిలకడగా ఉండదు. సంవత్సరంలో అధిక భాగం నైరుతి గాలుల అలలు దానిని ఉత్తరంగా నెడతాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో కొన్ని నెలలు దక్షిణంగా మరలిస్తాయి. జమాఖర్చు చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో గోడ అడ్డు వచ్చినపుడు ఇసుక దక్షిణపు ప్రక్కన ఆగిపోతుంది. ఉత్తరపు ప్రక్కన అలలు ఉన్నదానిని తీసుకొనిపోతాయి, కొత్తది వచ్చి చేరదు. మద్రాసు ఓడరేవు కట్టిన తరువాత దక్షిణాన మెరీనా తీరం పెరగడం, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకొనిపోవడం ఈ న్యాయం ప్రకారమే. పుదుచ్చేరి తీరానికీ అదే గతి పట్టింది. పట్టణాన్ని కాపాడడానికి బండరాళ్లు పోశారు. రాళ్లు పోసిన చోట కోత ఆగినా, అవి ముగిసిన చోట మరల మొదలై ఉత్తరపు జాలరి పేటల మీద పడింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు సముద్రంలో మునిగి ఉండే ఉక్కు కట్టడాన్ని అమర్చిన తరువాత పట్టణం ఎదుట కొంత ఇసుక తిరిగి చేరింది. కురుచికుప్పం వారు ఆ ఇసుకను చూడడానికి దక్షిణంగా నడిచి వెళ్లవలసిందే.

నదీముఖం మూసుకొనిపోకూడదని కోరే పడవవారిది న్యాయమే. తీరం పోయిందనే పేటవారిదీ న్యాయమే. అరికమేడు గట్టుకు మాత్రం అడిగే నోరు లేదు. వరదనీటికి గట్టు జారినప్పుడల్లా రెండు వేల ఏళ్ల పొర కొంత ఏటిలో కలుస్తున్నది. ఒకప్పుడు ఇక్కడి ఇటుకలు కొత్త ఇళ్లకు తరలిపోయాయి. పూసలను ఏరి అమ్ముకొన్నవారూ ఉన్నారు. స్థలం నేడు పురాతత్వ శాఖ రక్షణలో ఉన్నది. భారతదేశపు పట్టుమార్గ స్థలాలలో ఒకటిగా 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. అయినప్పటికీ వెళ్లి చూచేవారికి తోటలు, శిథిలమైన గోడలు తప్ప చెప్పి చూపే ఏర్పాట్లు తక్కువ. దొరికిన వస్తువులను చూడాలంటే పట్టణంలో భారతి పార్కు సమీపాన గల మ్యూజియంకు వెళ్లాలి.

అక్కడి అద్దాల పెట్టెలలో ఆవగింజంత మొదలు పెసరగింజంత వరకు గల గాజు పూసలు ఉన్నాయి: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు. కరగిన గాజును సన్నని గొట్టంగా లాగి, ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి మరల వేడిచేసి అంచులను నునుపు చేయడం వీటి తయారీ విధానం. ఆగ్నేయాసియా వరకు, ఆఫ్రికా తూర్పు తీరం వరకు ఈ రకం పూసలు ప్రయాణించాయి. వీటి చరిత్రను జీవితకాలం పరిశోధించిన అమెరికా పండితుడు పీటర్ ఫ్రాన్సిస్, ఇదే పద్ధతి నడుస్తున్న ఊరిని వెదకుతూ చివరకు తిరుపతి సమీపాన ఉన్న పాపానాయుడుపేటకు చేరాడు. 1980 దశకంలోనూ అక్కడి పనివారు కొలిమి ముందు నిలిచి, ‘లాడ’ అనే పొడవైన ఇనుప గొట్టానికి గాజు ముద్దను ఎత్తి, రంధ్రం గుండా వచ్చే గాజు తీగను చేతి తరువాత చేయిగా లాగుతూ ఉండడం ఆయన చూచి వ్రాసిపెట్టాడు. అరికమేడు మట్టిలో దొరికిన గాజు గొట్టపు ముక్కను ఆ పనివారి చేతిలో పెడితే, అది ఏ దశలో ఆగిపోయిన పనియో వారు చెప్పగలరు.